త్రిమూర్తులు రుచిపొర

ప్రింటర్లకి మన అవసరం ఎలా తెలుస్తుందో ఏమోగాని, తెలుస్తుంది. పనికిమాలిన కాగితాలు వేసేటప్పుడు గడగడా వేసేస్తాయి. ప్రాణం మీదికొచ్చిన రోజున మాత్రం బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటాయి. ఝాన్సీకి ఈ సంగతి కొత్త కాదు. కాకినాడ మెయిన్ రోడ్డులో పెళ్ళి శుభలేఖలు వేసే డీటీపీ షాపులో వయసంతా గడిపిన మనిషి. పెళ్ళివారు వచ్చి నెత్తిమీద నిలబడితే, ప్రింటర్ని బతిమాలి, బుజ్జగించి, ఒక్కోసారి వీపుమీద ఒక్కటి చరిచి మరీ పని చేయించుకున్న మనిషి.

కానీ ఇవాళ వెయ్యాల్సింది శుభలేఖ కాదు. తన మొగుడి నాలుక.

కంప్యూటర్లో ప్రింట్ నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తెరమీద రెండో నంబరు ప్రింటర్ పేరు పక్కన ‘అందుబాటులో లేదు’ అని బూడిదరంగు అక్షరాలు. తల తిప్పి చూస్తే ఆ ప్రింటర్ అద్దం తలుపు వెనకాలే, పచ్చదీపం పెట్టుకుని నిక్షేపంలా ఉంది.

“నీకేం పోయేకాలమే? ఇవాళే దొరికిందా నీకు?” అంది దానివంక చూసి.

ఇప్పుడామె పనిచేసే ఆసుపత్రి గదిలో ఉన్న ఈ మూడు ప్రింటర్లూ కాగితం మొహం ఎరగవు. వాటిలో పోసే సిరా బతికున్న కణాలు. నాలుకమీద రుచి చెప్పే చుక్కలుంటాయి చూశారూ, అవి చచ్చిపోయినవాళ్ళకి, నాలుక అంచున ఎక్కడో మిగిలిన కాసిని మంచి కణాలు గీకి తీసి, గాజుగిన్నెల్లో పెంచి, ఉల్లిపొరంత పల్చటి పొరగా ఆ ప్రింటర్లు అచ్చువేస్తాయి. చుక్కలు చచ్చినా వాటి గుంటలు మిగిలే ఉంటాయి. వాటిని ఫొటో తీసి, ఏ చుక్క ఎక్కడుండాలో కంప్యూటర్లో పటం గీస్తారు. ఆ పటాన్ని ఝాన్సీ తన బల్ల దగ్గర్నుంచి పంపుతుంది. ప్రింటర్ వేసిన పొరని డాక్టర్ షహనాజ్ గారు పట్టుకెళ్ళి మనిషి నాలుకమీద పరుస్తారు. కొన్నాళ్ళకి అది నాలుకలో కలిసిపోతుంది. డాక్టరుగారు దానికి పెట్టిన పొడుగాటి పేరు డాక్టరుగారికి తప్ప ఎవరికీ నోరు తిరగదు. జనం మాత్రం రుచిపొర అంటారు.

“వేరేవాళ్ళకి అప్పచెబుదాం ఝాన్సీ. మనవాళ్ళ పని మనం చేస్తే చేతులు వణుకుతాయి,” అని డాక్టరుగారు పొద్దున్నే చెప్పారు.

ఝాన్సీ వింటేనా? “లేదు మేడమ్. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంట్లో నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదాయన. అన్నీ ఆయనే వండిపెట్టారు. ఈ ఒక్క పనైనా నా చేత్తో చెయ్యనివ్వండి,” అంది. ఆ మాట అన్నాక ఇంక డాక్టరుగారు ఏమంటారు? సరే అన్నారు.

త్రిమూర్తులు వంటమేస్త్రి. అలాంటిలాంటి మేస్త్రి కాదు. కాకినాడ నుంచి అటు పిఠాపురం దాకా, ఇటు రామచంద్రపురం దాకా, పిల్లకి సంబంధం కుదరగానే ముందు ఆయన దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఆయన ఖాళీ చూసుకుని ముహూర్తం పెట్టించుకునేవాళ్ళు. ఆయన పనసపొట్టు కూరలో ఆవ పెడితే, ఆ ఘాటు పందిరి బయట చెప్పులు విప్పుతున్నవాడికి కూడా తగిలేది. గరిటెతో ఒక్క బొట్టు అరచేతిలో వేసుకుని, నాలిక్కి తగిలించి, కళ్ళు మూసుకునేవాడు. అంత పెళ్ళి హడావుడిలోనూ ఆ ఒక్క నిమిషం పొయ్యిల దగ్గర ఎవరూ నోరెత్తేవారు కాదు. కళ్ళు తెరిచి, “ఇంకాస్త ఆవ,” అన్నాడంటే అన్నట్టే.

అలాంటి మనిషికి ఆ ఏడు ఊరూరా తిరిగిన జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గాని, పోతూ పోతూ నాలుకని పట్టుకుపోయింది. ముందు ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒక పెళ్ళిలో పులుసులో ఉప్పు రెండోసారి వెయ్యబోతుంటే, ఆయన దగ్గర ఎన్నో ఏళ్ళుగా రెండో మేస్త్రిగా ఉన్న బుల్లెబ్బాయి చెయ్యి పట్టుకున్నాడు.

“వేశారండి గురువుగారూ. ఇందాకే వేశారు,” అన్నాడు మెల్లిగా.

అప్పట్నుంచీ బుల్లెబ్బాయి రుచి చూడ్డం, ఈయన వాడి మొహంలోకి చూస్తూ, “ఎలా ఉందిరా?” అని అడగడం. జన్మలో ఎవర్నీ అడగని మాట అది. రెండు మూడు పెళ్ళిళ్ళు అలా చేశాడు. తర్వాత ఎవరొచ్చినా ఒంట్లో బాలేదని పంపించేశాడు. ఇంట్లో కూర్చుని టీవీలో వంటల కార్యక్రమాలు పెట్టుకుని, “ఒసేయ్, ఆ మంట మీద మెంతులు మాడిపోతాయే తల్లీ!” అని తెరమీది మనిషిని కేకలేసేవాడు. అన్నం పెట్టుకుంటే నాలుగు ముద్దలు తిని లేచిపోయేవాడు.

“తినండి. ఇంకొంచెం తినండి,” అనేది ఝాన్సీ.

“తడిసిన అట్టముక్క ఎంతని తినమంటావే?” అనేవాడు. కోపంగా కూడా కాదు. అందుకే ఆమెకి ఏడుపొచ్చేది. కోపం ఉన్న త్రిమూర్తులంటే ఆమెకి భయం లేదు. ఈ మెత్తబడిపోయిన మనిషిని చూస్తేనే భయం.

ఆయన్ని బతిమాలి, పోట్లాడి, రుచిపొర కోసం డాక్టరుగారి దగ్గరికి తీసుకొచ్చింది. ఆయన నాలుకమీద మంచి కణాలు బొత్తిగా తక్కువ మిగిలాయి. వాటిని గీకి, పెంచి, ఒక్క పొరకి సరిపడా సిరా తయారుచెయ్యడానికే డాక్టరుగారికి తలప్రాణం తోకకొచ్చింది. “మళ్ళీ గీకుదామంటే అక్కడేం లేదు. ఇదొక్కటే,” అని ఆవిడ ముందే చెప్పారు.

ఆ ఒక్కటీ ఇప్పుడు రెండో నంబరు ప్రింటర్లో ఉంది. ప్రింటర్ ఉలకదు, పలకదు.

ఝాన్సీ లేచి వెళ్ళి నెట్‌వర్క్ కేబుల్ పీకింది. చీరకొంగుతో తుడిచింది. ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టింది. కంప్యూటర్ దగ్గరికొచ్చి ప్రింట్ సర్వీసు ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టింది. డీటీపీ షాపులో నేర్చుకున్న వైద్యమే ఇది. ఎన్ని శుభలేఖలు ఈ వైద్యంతో బయటపడ్డాయో లెక్కలేదు. ఇప్పుడూ పనిచేసింది. అద్దం వెనకాల ప్రింటర్ గుర్రుమని లేచి, సూదులు కదిలించి, పని మొదలుపెట్టింది.

“బంగారు తల్లివి!” అని ఝాన్సీ దానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, పక్క వార్డులో పొర కోసం కాచుకుని పడుకున్న మొగుడికి ఫోన్ చేసింది. “మొదలైందండీ!”

“ఉప్పు సరిపోయిందేమో చూడు,” అన్నాడు త్రిమూర్తులు. ఎన్నాళ్ళకి వేళాకోళమాడాడో! ఆమెకి ఒళ్ళంతా తేలికయిపోయింది.

ఇక్కడే జరిగింది అసలు పొరపాటు. తెరమీద పచ్చగీత ఒక్కొక్క మెట్టూ పాకుతుంటే ఆమె ఆ గీతనే చూసింది గాని, దాని పక్కనున్న పేరు చూడలేదు. మనమైనా చూస్తామా? మన పని జరుగుతోందనుకున్నాక పేరెవరు చదువుతారు? కళ్ళు తుడుచుకుని, మంచినీళ్ళు తాగి, కుర్చీ ముందుకు జరుపుకున్నాక చదివింది.

క్యూలో రెండు వరసలున్నాయి. కిందది, ‘త్రిమూర్తులు: వెయిటింగ్’. పైది, ‘టెస్ట్ పేజీ, ఝాన్సీ: ప్రింటింగ్’.



రోజూ పొద్దున్నే ప్రింటర్లు సరిగ్గా వేస్తున్నాయో లేదో చూడ్డానికి, ఉత్తుత్తి జిగురుతో ఒక పొర వేసి చూస్తారు. దానికి ఎవరో ఒకరి పటం కావాలి. రోగులవి వాడాలంటే సంతకాలూ అనుమతులూ, అదో పెద్ద తతంగం. అందుకని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఝాన్సీ తన నాలుక చాపి ఫొటో తీయించుకుంది. అప్పట్నుంచీ టెస్ట్ పేజీ అంటే ఆవిడ నాలుకే. ఇవాళ పొద్దున్న రెండో ప్రింటర్‌కి పంపితే, అందులో జిగురు అయిపోయి ఆ టెస్ట్ పేజీ క్యూలోనే ఆగిపోయింది. తర్వాత చూద్దాంలే అనుకుంది. మొగుడి ధ్యాసలో పడి మరిచిపోయింది. మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చి జిగురు సీసా తీసేసి ఆయన కణాల సీసా పెట్టారు. ఆమె సర్వీసు ఆపి మళ్ళీ మొదలుపెట్టగానే, పొద్దుట్నించీ వరసలో నిలబడ్డ టెస్ట్ పేజీ, నేనే ముందొచ్చానంటూ ముందుకెళ్ళింది.

మొగుడి కణాలతో పెళ్ళాం నాలుక అచ్చవుతోంది.

ఝాన్సీ పాజ్ నొక్కింది. సూదులు ఆగాయి. డాక్టరుగారికి ఫోన్ చేసింది. “రండి మేడమ్, రండి,” అని మాత్రం అనగలిగింది.

డాక్టర్ షహనాజ్ పరుగున వచ్చారు. తెర చూశారు, ప్రింటర్ చూశారు, మళ్ళీ తెర చూశారు. కేకలేస్తారనుకుంది ఝాన్సీ. వేసినా బాగుండేది. ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

“క్యాన్సిల్ చేసి ఆయనది పంపితే?” అంది ఝాన్సీ.

“ఖర్చయింది ఖర్చయిపోయింది. మిగిలిన సిరా పొరకి చాలదు. సగం పొర నాలుకమీద నిలవదమ్మా.”

“దీని మీదే ఆయన పటం వేస్తే?”

“వేసిన చుక్క కదలదు. నీకు తెలుసు కదా.”

తెలుసు. తెలిసే అడిగింది.

“చూడు, ఇలా కానిస్తే పొర బతుకుతుంది. కణాలు ఆయనవే కాబట్టి ఒంటికి పడుతుంది. రుచి తెలుస్తుంది. కానీ నీకు తెలిసినట్టు తెలుస్తుంది, ఆయనకి తెలిసినట్టు కాదు. నీ చుక్కలు చాలా దట్టం. కారం, చేదు, ఘాటు మామూలు వాళ్ళకంటే నీకు గట్టిగా తగులుతాయి. ఆయనవి పల్చన. ఆ తేడా ఆయనకి జన్మంతా ఉంటుంది,” అన్నారు డాక్టరుగారు. “ఈ మాట తేల్చాల్సింది నేనూ కాదు, నువ్వూ కాదు. వెళ్ళి అడుగు. నేను సూదులు తడుపుతూ ఉంటాను. ఎక్కువసేపు ఆగితే అందులో కణాలు ఎండిపోతాయి.”

త్రిమూర్తులు పచ్చగౌను తొడుక్కుని, మంచంమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే, “ఏమే, మొహం మాడిపోయిన పెసరట్టులా పెట్టావేం?” అన్నాడు.

“తప్పు చేశానండీ.” అలా మొదలుపెట్టి, ఒక్క గుక్కలో చెప్పేసింది. డాక్టరుగారు వద్దన్నా తనే చేస్తానన్నది కూడా దాచలేదు.

ఆయన కుడి అరచెయ్యి తిప్పి, దానివంక చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ చూపు ఝాన్సీ భరించలేకపోయింది.

“తిట్టండి. రెండు దెబ్బలు వెయ్యండి. ఏదో ఒకటి అనండి,” అంది.

“ఆగవే, ఆలోచించుకోనీ. ఇప్పుడు ఆపేస్తే?”

“ఇంక ఏమీ తెలీదండి. ఎప్పటికీ.”

“కానిస్తే?”

“అన్నీ తెలుస్తాయి. కానీ నాకు తెలిసినట్టు. మీ పులుసు మీకు మీ పులుసులా ఉండదు.”

“ఉప్పు ఉప్పులా ఉంటుందా?”

“ఉంటుంది.”

“చింతపండు పుల్లగా ఉంటుందా?”

“ఉంటుందండి.”

“మరి ఇంకా ఇక్కడ నిలబడ్డావేం? పరిగెత్తు!” అన్నాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి కేకేశాడు. “ఒసేయ్, నీ నాలుక పెడితే పెట్టావుగాని, నన్ను నేనే సాధించుకుంటూ కూర్చుంటానేమో, ఆ డాక్టరమ్మని అడుగు!”

ఝాన్సీ నవ్వుతూ, ఏడుస్తూ, వరండాలో వాళ్ళనీ వీళ్ళనీ గుద్దుకుంటూ పరిగెత్తింది. వెళ్ళి రెజ్యూమ్ నొక్కింది. ఈసారి పచ్చగీతనీ పేరునీ రెంటినీ కళ్ళార్పకుండా చూసింది. ఆ పేరు తనదే. చివరిదాకా చూసింది.

పొర పట్టింది. పట్టీ విప్పిన రోజున డాక్టరుగారు ఒక్క చుక్క పంచదార నీళ్ళు ఆయన నాలుకమీద వేశారు. త్రిమూర్తులు కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు జారాయి.

“తీపే!” అన్నాడు. “ఝాన్సీ, తీపేనే!” అని ఆసుపత్రంతా వినిపించేలా అరిచాడు.

ఇంటికి వెళ్ళేముందు భార్య పనిచేసే బల్ల చూస్తానన్నాడు. చూస్తే తెరమీద ఇంకా ఆ వరస అలాగే ఉంది, ‘త్రిమూర్తులు: వెయిటింగ్’. తీసెయ్యమని డాక్టరుగారు అప్పటికే చెప్పారు. ఝాన్సీకి చెయ్యి రాలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, ఆ పేరు చూసి, పక్కన పెట్టి, మిగతా పనులు పంపుకుంటోంది.

“వీడెవడే, నా పేరు పెట్టుకుని లైన్లో నిలబడ్డాడు?” అన్నాడు త్రిమూర్తులు.

“మీ పాత నాలుకండి. సిరా లేదు కదా, ఇంక రాదు. అయినా తీసెయ్యబుద్ధి కాలేదు.”

“పాపం, కాళ్ళు లాగేస్తుంటాయి వాడికి. నేను వచ్చేశాగా, ఇంక వాడెందుకు?” అని మౌసు మీదున్న ఆమె చేతిమీద తన చెయ్యి వేశాడు. క్యాన్సిల్ నొక్కారు. నిజంగానే తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. అవునన్నారు. ఆ వేళ ఇద్దరూ నవ్వుకుంటూనే ఇంటికెళ్ళారు.

త్రిమూర్తులు మేస్త్రి మళ్ళీ గరిటె పట్టాడన్న వార్త కాకినాడంతా పాకింది. మొట్టమొదట పిలిచింది ఆయన్ని చిన్నప్పట్నుంచీ ఎరిగిన పెద్దాయన. సామర్లకోటలో తన షష్టిపూర్తికి. “నువ్వూ రా. నా చేతి వంట పందిట్లో కూర్చుని తిందువుగాని,” అని త్రిమూర్తులు పెళ్ళాన్ని వెంటబెట్టుకెళ్ళాడు. నేతి వాసనకే ఆయన నడక మారిపోయింది. గాడిపొయ్యిల మధ్య అటూ ఇటూ తిరుగుతూ అందర్నీ అదిలిస్తుంటే, బుల్లెబ్బాయి పక్కకి తిరిగి కళ్ళొత్తుకోవడం ఝాన్సీ చూసింది.

పనసపొట్టు కూర దింపి, ఆవ పెట్టాక, ఆయన గరిటెతో ఒక్క బొట్టు అరచేతిలో వేసుకున్నాడు. నాలిక్కి తగిలించాడు. కళ్ళు మూసుకోలేదు సరికదా, ఇంతింతలయ్యాయి. దగ్గొచ్చింది. మొహం కందగడ్డయింది.

“ఎవడ్రా ఇంత ఆవ పెట్టింది?”

“మీరేనండి. ఎప్పుడూ పెట్టేంతే పెట్టారండి,” అన్నాడు బుల్లెబ్బాయి.

“మనుషులు తినాలా, చావాలా? తియ్యి. విడిగా ఉడికించిన పొట్టుంది కదా, అది కలుపు. మిరపకాయలు ఏరెయ్యి.”

“గురువుగారూ, నేనొక్కసారి చూస్తానండి.”

“నాకు నాలుకొచ్చిందిరా. ఇంక నువ్వు చూడక్కర్లేదు.”

బుల్లెబ్బాయి మిరపకాయలు ఏరడానికి వంగాడు. చాన్నాళ్ళకి గురువు అధికారం చేస్తుంటే కాదనడానికి వాడికి మనసొప్పలేదు. పులుసులో కారం తగ్గింది, పచ్చడిలో పులుపు తగ్గింది. అన్నీ ఆ కొత్త నాలిక్కి సరిగ్గా కుదిరేదాకా తగ్గాయి.

మొదటి బంతిలోనే ఝాన్సీ కూర్చుంది. పనసపొట్టు కూర కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని, నమలడం మరిచిపోయింది. అబ్బ, ఏం కూర! ఆవ ముక్కుని ఇలా తాకి అలా వదిలేస్తోంది. పనస తియ్యదనం వెనకనుంచి మెల్లగా వస్తోంది. పనసపొట్టుకి ఒక తీపి ఉందని ఆమెకి ఇన్నేళ్ళలో తెలీనే తెలీదు. ఇంకాస్త వెయ్యమని అడిగి వేయించుకుంది.

వేయించుకుంటూ తలెత్తి చూసింది. అటుపక్క ఆకులో కూర అలాగే ఉంది. ఇటుపక్క ఆకులోనూ అలాగే ఉంది. ఎదుటి వరసలో ఒకావిడ ఆవకాయ తెప్పించుకుని కలుపుకుంటోంది. బంతి పొడుగునా కూర ఖాళీ అయిన ఆకు ఝాన్సీదొక్కటే.

అప్పుడు అర్థమైంది, ఈ వంట కుదిరింది తన ఒక్కదాని నాలిక్కే.

షష్టిపూర్తి పెద్దాయన మంచివాడు. వెళ్ళొస్తామని చెప్పడానికి వస్తే, త్రిమూర్తులు భుజంమీద చెయ్యి వేసి, “ఇంకా ఒంట్లో నీరసం తగ్గలేదేమో నాయనా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో,” అన్నాడు. అంతకంటే తిట్టినా నయమే.

ఇల్లు చేరారు. వంటవాళ్ళు పందిట్లో తినరు కదా, మిగిలిన కూర ఏదో క్యారేజీలో తెచ్చుకున్నాడు. దాన్ని వంటింటి గట్టుమీద పెట్టి, గోడకి చేరగిలబడి కింద కూర్చున్నాడు. ఝాన్సీ ఎదురుగా కూర్చుంది.

“నేనే పాడుచేశానండి. డాక్టరుగారు చెబుతూనే ఉన్నారు. నా చేత్తో, నా చేత్తో అని ఎగబడి మీ నాలుక నేనే పోగొట్టాను,” అని భోరుమంది.

“అది కాదు నేను అడుగుతున్నది,” అన్నాడు త్రిమూర్తులు.

“ఏమీ అడగలేదు కదండీ మీరు.”

“ఇప్పుడు అడుగుతాను. అందరూ వదిలేసిన కూర నువ్వు మళ్ళీ వేయించుకున్నావు. డేగిసా పక్కనుంచి చూశాను. అంటే అది నీకు బాగుంది. నీకు అది బాగుంటే, ఇన్నాళ్ళూ నేను పెట్టిన కూర నీకెలా ఉండేది?”

ఝాన్సీ తల దించుకుంది.

“నాకు తెలుసులే, ఇవాళ పొద్దున్న నేనూ తిన్నాగా,” అన్నాడాయన. “ఒక్క బొట్టుకే ప్రాణం పోయినంత పనయింది. నువ్వు కంచం నిండా తినేదానివి. ఎలా తిన్నావే?”

“మజ్జిగ పక్కన పెట్టుకుని తినేదాన్నండి.”

“చెప్పాలి కదే, మొద్దూ! చెబితే తగ్గించనా?”

“మీరు నాకు వడ్డించి, ఎదురుగా పీట వేసుకుని, నేను తినేంతసేపూ నా మొహంలోకి చూస్తూ కూర్చునేవారు. ఆ చూసే చూపు చూశాక ఎవరు చెబుతారండీ? నాకు కారమే కనిపించలేదు, మీరే కనిపించారు,” అంది ఝాన్సీ.

త్రిమూర్తులు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఊరూవాడా జనానికి తృప్తిగా పెట్టి, ఒక్క మనిషికి మాత్రం రోజూ కంట నీళ్ళు తెప్పించాడు. ఆ ఒక్క మనిషీ ఇదే. ఆయనకి ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ రెండూ ఝాన్సీకి తెలుస్తూనే ఉన్నాయి. జరిగి ఆయన పక్కకి వెళ్ళి కూర్చుంది.

ఆయన ఫోన్ తీశాడు. “ఒరేయ్ బుల్లెబ్బాయ్, నేనురా. రేపట్నించి పెళ్ళిళ్ళలో రుచి నువ్వే చూడు. నా చెయ్యి ఎంత వేస్తే అంత వెయ్యనీ. తగ్గించమని నేను అరిచానంటే మాత్రం వినకు. ఏం? ఏడుస్తావేంట్రా ఆడపిల్లలా? పెట్టెయ్.”

ఫోన్ పక్కన పెట్టి లేచి, రెండు కంచాలు పెట్టాడు. క్యారేజీ విప్పి, వేడన్నంలో కూర వేసి, తనూ కూర్చున్నాడు. ఇద్దరూ ఒకేసారి ముద్ద కలుపుకున్నారు.

“బాగుంది కదూ?” అన్నాడు.

“చాలా బాగుందండీ.”

“నాకూ బాగుంది. భలే కూరే. ఆ పెద్దాయనకేం తెలుసు?”

ఝాన్సీకి నవ్వొచ్చింది. నవ్వుతూనే అడిగింది. “మీ కూర మీకెలా ఉండేదండీ? నాకెప్పుడూ తెలీలేదు కదా. ఒక్కసారి చెప్పండి.”

త్రిమూర్తులు చేతిలో ముద్ద పట్టుకుని ఆలోచించాడు. “ముందు ఆవ వచ్చి ఇక్కడ తగిలేది,” అని నుదురు చూపించాడు. “తర్వాత కారం. కారమంటే మంట కాదే, అదోలాంటి...” అని చెయ్యి గాలిలో తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. ఎంత తిప్పినా మాట దొరకలేదు. ఆఖరికి చెయ్యి కంచంలోకి దించేశాడు. “చెప్పలేనే. పోయింది. ఇంక అది ఎవరికీ తెలీదు.”

ఝాన్సీ నవ్వు ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగి కంచం మసకబారింది.

“ఊరుకోవే,” అన్నాడు త్రిమూర్తులు. “అది నాకొక్కడికే తెలిసేది. ఎదురుగా కూర్చుని నీ మొహం ఎంత చూసినా, నీకెలా ఉందో నాకు తెలిసేది కాదు. ఇప్పుడా నీ రుచి ఇద్దరికీ తెలుసు.”

తన కంచంలో మిగిలిన కూరంతా ఆమె కంచంలోకి తోసి, తినమన్నాడు.